ఎక్కడం వచ్చాకే దిగడం: కాన్యనీరింగ్ శిబిరంపై పాఠకుల ప్రశ్నలు

దక్షిణ యూటా ఎర్రరాతి ఎడారిలో వసంతంలోనూ శరత్తులోనూ కాన్యనీరింగ్ చేసేవాళ్ళు గుడారాలు వేసుకుని కొన్ని రోజులపాటు ఒకచోట చేరుతుంటారు. ఇరుకైన రాతి చీలికల్లోకి తాడుతో దిగి, పాకి, ఈది, అవతలి కొసన బయటపడటమే కాన్యనీరింగ్. పగలు కొందరు కాన్యన్లకు వెళ్తే, మిగిలినవాళ్ళు శిబిరం పక్కనున్న చిన్న గట్ల మీద వర్క్‌షాపులు నడుపుతారు. నేర్పేవాళ్ళు ఎక్కువగా అనుభవమున్న స్వచ్ఛంద సభ్యులే. చివర్లో సర్టిఫికెట్ చేతికొస్తుందని ఆశించవద్దు. ఇలాంటి శిబిరాలకు బయల్దేరబోతున్న పాఠకులు పంపిన ప్రశ్నలివి. హైదరాబాద్ నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది.

ప్రశ్న: యూటాలోని జాయన్ నేషనల్ పార్కులో నారోస్ అనే ఇరుకు లోయలో కింది నుంచి పైకి నడిచాం. రెండేళ్ళుగా జిమ్‌లో క్లైంబింగ్ చేస్తున్నాను. శిబిరంలో ఆరు వర్క్‌షాపులు పెట్టారు, నాకు రెండింటికే వీలవుతుంది. ముందు యాంకర్లు (తాడును పైన ఆపే ఆధారాలు) కట్టడం నేర్చుకోమని స్నేహితులు అంటున్నారు. మీరేమంటారు? (ఫీనిక్స్ పాఠకురాలు)

యాంకర్లను మూడో స్థానంలో పెట్టుకోండి. మొదటిది తాడు మీద పైకి ఎక్కడం. రెండోది, మనిషి బరువు వేలాడుతుండగానే పైనుంచి వదిలి కిందికి దించగలిగే కట్టు.

కొత్తవాళ్ళు తమంతట తాము యాంకర్ కట్టాల్సిన అవసరం మొదట్లో దాదాపు రాదు. పక్కన తెలిసినవాళ్ళుంటారు. జుట్టో, టీషర్టు అంచో డిసెండర్‌లో (తాడు మీద దిగే వేగాన్ని అదుపు చేసే పరికరంలో) ఇరుక్కోవడం మాత్రం మొదటి దిగుడులోనే జరగొచ్చు. అప్పుడు గాల్లో వేలాడేది మీరే. ఎంత అనుభవజ్ఞుడైనా పైనున్న మనిషి చేయి మీ దాకా రాదు. హార్నెస్‌లో (నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీల్లో) కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మీద చల్లటి నీళ్ళు పడుతుంటే ఇంకా త్వరగా. ఆ స్థితిలో బయటపడే దారులు రెండే: మీరు కాస్త పైకి ఎక్కి బరువు తప్పించి చిక్కు విడదీసుకోవడం, లేదా పైవాళ్ళు మిమ్మల్ని దించేయడం. అందుకే ఆ రెండు వర్క్‌షాపులు.

జిమ్ అలవాట్లు కొన్ని వదులుకోవాలి. జిమ్ తాడు పడినప్పుడు కుదుపు తగ్గించేందుకు సాగుతుంది. కాన్యన్‌లో వాడేది 8 నుంచి 9 మి.మీ. స్టాటిక్ తాడు, అది పెద్దగా సాగదు. సాగే తాడైతే మీ బరువుకు రాతి అంచు మీద పైకీ కిందికీ ఆడుతూ పైతొడుగును కోసేసుకుంటుంది. జిమ్‌లో బిలే చేసే (ఎక్కేవాళ్ళు పడకుండా తాడు పట్టే) పరికరం ఇంత సన్నటి తాడు మీద సరిగ్గా పట్టదు, జర్రున జారుతుంది. పిరానా, టోటెమ్, క్రిటర్ లాంటి కాన్యన్ డిసెండర్లలో దిగుతుండగానే ఇంకో కొమ్ముకు తాడు తగిలించి రాపిడి పెంచుకోవచ్చు. కొనేముందు శిబిరంలో నాలుగైదు రకాలు అడిగి వాడి చూడండి, ఎవరూ కాదనరు.

ప్రశ్న: తాడు ఎక్కడం ఇంటి దగ్గరే సాధన చేసి వెళ్ళాలనుకుంటున్నాను. దారాలు ఎంత పొడవు, ఎలా కట్టుకోవాలి? (శాన్ హోసే పాఠకుడు)

రెండు దారాలు చాలు. 8 లేదా 9 మి.మీ. తాడుకు 5 నుంచి 6 మి.మీ. మెత్తని నైలాన్ దారం తీసుకోండి. దారం తాడంత లావుంటే ముడి పట్టదు. కొత్త దారం బిరుసుగా ఉన్నా జారుతుంది.

నడుము దారం: సుమారు 1.5 మీటర్ల ముక్కను రెండు కొసలనూ కలిపే డబుల్ ఫిషర్‌మన్ ముడితో వలయం చేయండి. దాన్ని తాడుకు ప్రూసిక్ ముడిగా (బరువు పడితే బిగిసి, బరువు తీస్తే జరిగే ముడి) మూడు చుట్లు చుట్టి, హార్నెస్ ముందున్న బిలే లూప్‌కు లాకింగ్ కారబైనర్‌తో (మూత బిగించే లోహపు కొక్కెంతో) తగిలించండి. వేలాడినప్పుడు ముడి మీ ముఖం ఎదురుగా ఉండాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. దారం పొడవైపోతే బరువు పడగానే ముడి చేతికందనంత ఎత్తులో బిగుసుకుంటుంది, ఇక దాన్ని కదిలించలేరు. కాలి దారం 3 మీటర్ల ముక్క. దాని ముడి నడుము ముడికి కింద ఉండాలి. ఆ దారాన్నీ ఒక టెథర్‌తో (పొట్టి తాడుతో) హార్నెస్‌కు కలపండి. ఒక ముడి జారినా రెండోది పట్టుకోవాలి.

ఎక్కడం ఇలా: నడుము ముడి మీద కూర్చోండి. మోకాలు బాగా మడిచి, కాలి ముడిని వీలైనంత పైకి జరపండి. పాదాన్ని పిరుదుల కిందికి తెచ్చి నిలబడండి. నిలబడ్డ ఆ క్షణంలోనే నడుము ముడిని పైకి తోసి, మళ్ళీ కూర్చోండి. పాదం ముందుకు చాపితే ఒళ్ళు వెనక్కి వాలిపోయి బరువంతా చేతుల మీద పడుతుంది. ఐదు మీటర్లకే చేతులు పడిపోయాయంటే మీరు కాళ్ళతో ఎక్కడం లేదన్నమాట. ప్రతి రెండు మూడు మీటర్లకు ఒకసారి కింది తాడును మెలిపెట్టి ముడి వేసి హార్నెస్‌కు తగిలించుకోండి. ప్రూసిక్‌లు రెండూ జారినా అక్కడ ఆగుతారు.

సాధనకు మూడు నాలుగు మీటర్ల ఎత్తున గట్టి చెట్టుకొమ్మ చాలు. నేలకు మీటరు ఎత్తులో చేయండి. ఎక్కడం వచ్చాక అసలు పని మిగిలే ఉంటుంది: డిసెండర్ మీద వేలాడుతూ ఎక్కడానికి మారడం, మళ్ళీ దిగడానికి మారడం. ఈ మార్పును చేతి తొడుగులు వేసుకుని, తర్వాత తొడుగులు నీళ్ళలో ముంచి, చివరికి చీకట్లో హెడ్‌ల్యాంప్‌తో చేసి చూడండి. గట్టు అంచు దాటడం మాత్రం ఇంటి దగ్గర రాదు. మీ బరువుకు తాడు రాతికి అతుక్కుపోయి ముడి పైకి కదలదు. కాళ్ళతో గోడను తన్ని తాడుకూ రాతికీ మధ్య సందు చేసుకోవాలి, లేదా పైవాళ్ళు ఒక స్లింగ్ (పట్టీ వలయం) వదిలితే అందులో అడుగు పెట్టాలి. శిబిరంలో ఆ ఒక్క అంచు దగ్గరే ఎక్కువసేపు గడపండి.

ప్రశ్న: అందరూ తాడు ఒక్క పోగు మీదే దిగుతారట. మరి తాడు పైన ఎలా ఆగుతుంది, చివరికి కిందికి ఎలా వస్తుంది? రెండు పోగుల మీద దిగితే ఇంకా భద్రం కదా? (డాలస్ పాఠకుడు)

యాంకర్ దగ్గర రాపిడ్ అనే మరతో బిగించే చిన్న ఇనుప లంకె ఉంటుంది. తాడు ఆ లంకెలోంచి దూరుతుంది. ఒక వైపు దిగే పోగు, రెండో వైపు లాగే పోగు. లాగే పోగు మీద, లంకెను ఆనుకుని, ఒక లాకింగ్ కారబైనర్ వెన్నుకు క్లోవ్ హిచ్ అనే ముడి చుట్టి బిగిస్తారు. మీరు దిగే పోగు మీద బరువు వేస్తే కారబైనర్ లంకెకు అడ్డంగా తట్టుకుని ఆగుతుంది. అందరూ దిగాక లాగే పోగును లాగితే కారబైనర్‌తో సహా తాడంతా కిందికి వచ్చేస్తుంది. సన్నటి తాడు అయితే మామూలు క్లోవ్ హిచ్ జారవచ్చు కాబట్టి ఒకటి రెండు చుట్లు అదనంగా వేస్తారు.

ఇందులో ప్రాణం తీసే పొరపాటు ఒకటుంది: లాగే పోగుకు డిసెండర్ తగిలించుకోవడం. బరువు వేయగానే తాడు లంకెలోంచి జారిపోతుంది, అడ్డేమీ ఉండదు. దీనికి రెండు కాపలాలు. లాగే పోగును చివరి మనిషి దిగేదాకా సంచిలోనే ఉంచి, యాంకర్‌కు తగిలించి పెట్టాలి. అంచు మీద ఒక్క పోగే వేలాడుతుంటే తప్పు తగిలించుకునే అవకాశమే ఉండదు. రెండోది, టెథర్ విప్పకముందే డిసెండర్ మీద పూర్తి బరువు వేసి, కారబైనర్ లంకెకు తట్టుకోవడం కళ్ళతో చూడాలి. చూశాకే టెథర్ విప్పాలి. అలసిపోయిన సాయంత్రం నాలుగో దిగుడు దగ్గర ఇది ఎగ్గొట్టాలనిపిస్తుంది, అప్పుడే మరీ అవసరం. లంకె చాలా పెద్దదై కారబైనర్ దూరిపోయేలా ఉంటే ఈ పద్ధతే వద్దు.

రెండు పోగుల సంగతి. రెండు పోగుల మీద దిగేవాళ్ళు మధ్యలో ఇరుక్కుంటే పైనుంచి దించే దారి లేదు. రెండు పోగులూ నీటిలో మెలిపడితే తాడు లాగడమూ కష్టమే. ఒక పోగు పద్ధతిలో మిగతా తాడు పైనే ఉంటుంది. 30 మీటర్ల గోడకు 60 మీటర్ల తాడు తెచ్చారనుకోండి, పైన ఇంకో 30 మీటర్లు ఉంది. సగంలో ఇరుక్కున్న మనిషిని నేల దాకా దించడానికి అది సరిపోతుంది.

ఆ దించే కట్టే మొదటి జవాబులో చెప్పిన రెండో వర్క్‌షాపు. చివరి మనిషి తప్ప మిగిలిన అందరికీ కారబైనర్ అడ్డు బదులు యాంకర్ మీద మంటర్ మ్యూల్ ఓవర్‌హ్యాండ్ అనే మూడు ముడుల కట్టు కట్టి ఉంచుతారు. అవసరమైతే ఓవర్‌హ్యాండ్ విప్పి, తాడు పట్టుకుని మ్యూల్ కొసను లాగుతారు. అడుగునున్న మంటర్ ముడి బ్రేకుగా మిగులుతుంది, మనిషి నెమ్మదిగా దిగుతాడు. చివరి మనిషి దీన్ని విప్పి కారబైనర్ అడ్డు కట్టుకుని దిగుతాడు. వర్క్‌షాపులో నిజమైన బరువుతో వదిలించమని అడగండి. బరువు లేని తాడు మీద ఈ ముడి అందరికీ వస్తుంది. ఎనభై కిలోల మనిషి వేలాడుతుంటే మ్యూల్ విడిపోయే కుదుపుకు చేయి సిద్ధంగా లేనివాళ్ళు తాడు వదిలేస్తారు. అందుకే సాధనలో ఆ మనిషికి వేరే తాడుతో పైనుంచి బిలే తప్పనిసరి. ఇది చదివి నేరుగా అంచు మీదకు వెళ్ళి కట్టకండి.

ప్రశ్న: తాడు చివర ముడి వేయాలని జిమ్‌లో నేర్పారు. శిబిరం సూచనల్లో జలపాతంలో వేయవద్దని ఉంది. ఏది నిజం? (సియాటిల్ పాఠకురాలు)

చోటును బట్టి రెండూ నిజమే. కింద పొడి నేల ఉండి, తాడు అందుతుందో లేదో తెలియనప్పుడు ముడి మిమ్మల్ని కాపాడుతుంది. కింద ప్రవాహమున్న మడుగు ఉంటే అదే ముడి డిసెండర్‌లో ఇరుక్కుని మిమ్మల్ని జలపాతం కిందే కట్టేస్తుంది. పారే నీటిలో తాడు కొస నీటి మట్టానికి సరిగ్గా తగిలేలా కొలుస్తారు. మీరు దిగి, తాడు చివరి నుంచి జారి, ఈదుకుంటూ వెళ్ళిపోతారు. మీటర్ల కొద్దీ అదనపు తాడు మడుగులో తేలుతుంటే కాళ్ళకు చుట్టుకుంటుంది. మొదటి మనిషి ఈల సంకేతంతో పైవాళ్ళ చేత పొడవు సరిచేయిస్తాడు.

చేయి జారితే తనంతట తానే బిగిసేలా డిసెండర్ కింద వేసుకునే ఆటోబ్లాక్ ముడి కూడా ఇలాంటిదే. పొడి కాన్యన్‌లో మంచి రక్షణ, జలపాతంలో ఉచ్చు.

ఈలల గురించి మరో ఇద్దరు అడిగారు. చాలామంది వాడేది: ఒకటి ఆపు, రెండు పైకి, మూడు కిందికి, నాలుగు తాడు వదిలేశాను. అన్ని గుంపులూ ఇదే వాడవు. బయల్దేరేముందు పార్కింగ్ దగ్గరే అందరి చేతా ఊదించండి.

ప్రశ్న: కాన్యన్ పేరు పక్కన "3బి" అనీ, దాని పక్కన రోమన్ అంకె మూడనీ రాశారు. ఏమిటది? (శాక్రమెంటో పాఠకుడు)

మొదటి అంకె 1 నుంచి 4 దాకా నైపుణ్యం. 1 అంటే నడక, 2 అంటే చేతులు వాడి ఎక్కిదిగడం, 3కు తాడు కావాలి, 4 అంటే నిపుణుల పని. అక్షరం నీళ్ళ గురించి. ఎ అంటే పొడి లేదా కాస్త నీరు, బి అంటే కదలని నీటిలో ఈత, సి అంటే ప్రవాహం. రోమన్ అంకె పట్టే సమయం: ఒకటి అంటే కొద్ది గంటలు, మూడంటే రోజులో చాలా భాగం, ఆరంటే రెండు రోజులు లేదా అంతకు పైన. చివర ఆర్ లేదా ఎక్స్ కనిపిస్తే అదనపు ప్రమాదం ఉందని, ఎక్స్ అంటే మరీ ఎక్కువని. మొదటిసారి ఆ అక్షరాలున్న చోటికి పేరు ఇవ్వకండి. ఈ కొలతలు మామూలు వాతావరణంలో, సరైన సామగ్రి ఉన్న గుంపుకు వేసినవి. వాన కురిస్తే బి కాస్తా సి కావచ్చు.

ప్రశ్న: యాంకర్ల వర్క్‌షాపులో "రాయిని పాతిపెట్టి దానికి వేలాడటం" నేర్పుతారట. నిజంగా ఆగుతుందా? (డెన్వర్ పాఠకుడు)

ఆగుతుంది. బాగా కడితే చాలా గట్టిగానే ఆగుతుంది. చెట్టూ బోల్టూ లేని ఇసుక వాగుల్లో ఇదే దిక్కు. తలగడంత పొడవాటి రాయిని ఎంచుకుని, దాని నడుముకు అంగుళం వెడల్పు ట్యూబులర్ వెబ్బింగ్ (గొట్టంలా నేసిన నైలాన్ పట్టీ) చుట్టాలి. దిగే దిశకు అడ్డంగా రెండడుగుల లోతు గుంట తీసి రాయిని పడుకోబెట్టాలి. వెబ్బింగ్ బయటికి రావడానికి గుంట నుంచి అంచు వైపుకు సన్నటి కాలువ తవ్వాలి. ఈ కాలువను బద్ధకించి వదిలేస్తే వెబ్బింగ్ ఏటవాలుగా పైకి వచ్చి, బరువు పడ్డప్పుడు రాయిని నేలలోంచి పైకి పెకలిస్తుంది. లాగుడు నేలకు సమాంతరంగా ఉంటే ముందున్న మట్టంతా అడ్డు నిలుస్తుంది. గుంట పూడుస్తూ పొరపొరకూ తొక్కి, పైన బరువైన రాళ్ళు పేర్చాలి.

పరీక్ష ఇలా చేయించండి. అంచుకు దూరంగా ఇద్దరు ముగ్గురు కలిసి మెల్లగా బరువు పెంచుతూ లాగాలి. తర్వాత మొదట బరువైన మనిషి దిగాలి. పైన ఒకరు కూర్చుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టి, వేరే దారంతో అదనపు ఆధారంగా ఉంటారు. ఆ అదనపు దారం కొంచెం వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే బరువంతా ఆ మనిషే మోస్తాడు, పాతిన రాయి పరీక్షకే రాదు. చివరికి అదనపు ఆధారం లేకుండా దిగేది అందరిలోకీ తేలికైన, తాడు పని బాగా వచ్చిన మనిషి.

ఇతరులు వదిలేసిన వెబ్బింగ్ కనిపిస్తే నమ్మకండి. రాతి వెనక్కి వెళ్ళిన భాగాన్ని తిప్పి చూడండి. ఎండకు రంగు వెలిసి గట్టిపడిందా, ఎలుక కొరికిందా, వాటర్ నాట్ (వెబ్బింగ్‌ను కలిపే ముడి) కొసలు మూడంగుళాలకు తగ్గాయా? ఆ ముడి బరువు పడి తీసి పడి తీసి తనంతట తానే కొసలు మింగుతుంది. కొత్త అంగుళం వెబ్బింగ్ సుమారు 18 కిలోన్యూటన్లు (దాదాపు 1,800 కిలోల బరువు) మోస్తుంది, ఎండలో ఏళ్ళు గడిపింది ఎంత మోస్తుందో చూసి చెప్పే మొనగాడు లేడు. అనుమానముంటే కోసి జేబులో వేసుకుని కొత్తది కట్టండి. రాపిడ్ మర మూసుకునే దిశ కిందికి ఉండేలా పెట్టండి. పైకి ఉంటే అదురుకు వదులవుతుంది. రెండు చోట్ల నుంచి వచ్చే వెబ్బింగ్ మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కో వైపు మీద బరువులో 58 శాతం పడుతుంది, 90 అయితే 71 శాతం, 120కి పూర్తి బరువు. కోణం పెరిగిందంటే వెబ్బింగ్ పొట్టిదైందని అర్థం, పొడవు పెంచండి.

ఇంకొకటి. నూతి ఒరల మీద చేదతాడు కోసిన గాడులు చూసే ఉంటారు. ఇక్కడి నవాజో ఇసుకరాయి దానికంటే మెత్తన, తాడు లాగిన ప్రతిసారీ కొంత కోస్తుంది. ఆ గాడుల్లో తాడు ఇరుక్కుంటుంది కూడా. వెబ్బింగ్‌ను పొడిగించి రాపిడ్ అంచు దాటి వేలాడేలా పెడితే రాయీ బతుకుతుంది, తాడూ సులువుగా వస్తుంది. వాన పడిన తర్వాత ఈ రాయి బలం బాగా తగ్గుతుంది. తడి ఆరేదాకా ఇసుకరాతి కొమ్ములకు యాంకర్ కట్టవద్దు.

ప్రశ్న: ఇసుక సంచులు విసిరే పోటీ ఉందట. ఆటేనా, పనికొచ్చేదేమైనా ఉందా? (లాస్ ఏంజెలెస్ పాఠకురాలు)

పేరుకు ఆట, చేసేది పనే. నీరు తొలిచిన గుండ్రటి గుంటల్లో నీళ్ళు తగ్గితే గోడలు నున్నగా, అంచు తలపైన ఉండి బయటికి రావడానికి పట్టు దొరకదు. అప్పుడు ఇసుక నింపిన గట్టి సంచులను తాడుకు కట్టి అవతలి అంచు మీదుగా విసురుతారు. సంచుల బరువూ రాతి మీద రాపిడీ కలిసి తాడును ఆపుతాయి, దాని మీద ఎక్కుతారు. నాలుగు లీటర్ల సంచి పొడి ఇసుకతో నిండితే ఆరు కిలోలు దాటుతుంది. ఖాళీ సంచులు తీసుకెళ్ళి కాన్యన్‌లోనే నింపుతారు.

తప్పు ఎక్కడ వస్తుందంటే, ఒక్క సంచి పట్టగానే ఎక్కేయడంలో. రెండు మూడు సంచులు వేసి, బరువు మెల్లగా పెంచి, కుదుపు లేకుండా ఎక్కాలి. అందరికంటే తేలికైనవాళ్ళు ముందు. నడుము లోతు నీళ్ళలో నిలబడి విసరడం గట్టు మీద విసరడం లాంటిది కాదు, కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని విసరమని పోటీ పెడితే నిజానికి దగ్గరగా ఉంటుంది. అసలు విసిరే ముందు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి చూడండి. సగం గుంటలు అలాగే దాటేస్తారు.

ప్రశ్న: మావారు ఆకాశం నిర్మలంగా ఉంటే చాలంటారు. వాతావరణం వర్క్‌షాపు అవసరమా? (లాస్ వేగస్ పాఠకురాలు)

మీవారిని ముందు కూర్చోబెట్టండి. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది వరదలో కొట్టుకుపోయి చనిపోయారు. వాన పడింది పైన, మైళ్ళ దూరంలో. 2015 సెప్టెంబరు 14న జాయన్‌లోని కీహోల్ కాన్యన్‌లోకి వెళ్ళిన ఒక గుంపులోని ఏడుగురూ వరదలో చనిపోయారు. కీహోల్ కొద్ది గంటల్లో అయిపోయే చిన్న కాన్యన్. చిన్నది కాబట్టి పర్లేదన్న లెక్క కుదరదు. ఎడారి రాయి జోరువానను అంత వేగంగా పీల్చుకోలేదు, పడిందాంట్లో ఎక్కువ భాగం చీలికలోకే వస్తుంది.

ఆ వర్క్‌షాపులో పటం మీద పరివాహక ప్రాంతాన్ని గీయిస్తారు. మీ కాన్యన్‌లోకి ఏయే గట్ల నుంచి నీరు దిగుతుందో పెన్సిల్‌తో చుట్టి, వాతావరణ సూచన ఆ మొత్తానికి చూడాలి, పార్కింగ్ ఉన్న చోటికి కాదు. నేషనల్ వెదర్ సర్వీస్ అక్కడి పార్కులకు ఆకస్మిక వరద అవకాశాన్ని నాలుగు మెట్లుగా ఇస్తుంది: ఉండదు, ఉండొచ్చు, బహుశా వస్తుంది, వస్తుంది. మూడో మెట్టు నుంచి ఏ కాన్యన్‌కూ వెళ్ళొద్దు. మధ్యలో బయటపడే దారి లేని ఇరుకు కాన్యన్లకైతే రెండో మెట్టు నాడే మానుకోవడం మా పద్ధతి. జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుముల కాలం. శిబిరాలు ఆ నెలల్లో పెట్టకపోవడానికి కారణం అదే. లోపల ఉండగా నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, ఎదురుగాలీ హోరూ వినిపించినా పరుగెత్తాల్సింది పైకి, కిందికి కాదు.

ఏ కాన్యన్‌కు, ఎంతమంది, ఎన్నింటికి తిరిగి వస్తారో బయట ఒకరికి రాసి ఇవ్వండి. 2003లో బ్లూజాన్ కాన్యన్‌లో చేయి బండ కింద ఇరుక్కున్న ఆరన్ రాల్‌స్టన్ ఆ పని చేయలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్ళు. తీసుకెళ్ళొచ్చా? (ఫ్రీమాంట్ పాఠకుడు)

శిబిరానికి, గట్టు మీది సాధనకు తప్పకుండా. కాన్యన్‌కైతే రెండు విషయాలు చూడండి. తుంటి ఎముకలు పట్టని సన్నటి పిల్లలకు నడుము హార్నెస్ తలకిందులైతే జారిపోతుంది, ఒళ్ళంతా పట్టే హార్నెస్ కావాలి. వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే రబ్బరు దుస్తులు) పిల్లల కొలతది దొరకాలి. నీటి కాన్యన్లలో వేసవిలో కూడా 4/3 మి.మీ. (ఒంటికి 4, చేతులూ కాళ్ళకు 3) మందం వాడతారు, పిల్లలు పెద్దల కంటే ముందు చల్లబడతారు. మరో చిన్న ఇబ్బంది: 30 కిలోల పిల్లవాడు ఎక్కువ రాపిడి పెట్టిన డిసెండర్ మీద అసలు కిందికి జారడు. రాపిడి తగ్గించి, కింద ఒకరు తాడు పట్టుకుని ఉంటే సరి. ఆ కింది మనిషి దిగేవాళ్ళకు సరిగ్గా కింద నిలబడకూడదు, రాళ్ళు పడతాయి.

ప్రశ్న: తిండి, నీళ్ళు, మిగతావి? (అడిగినవారు చాలామంది)

మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్ళు, వంటకు వేరే. చాలా శిబిరాల చోట కొళాయి ఉండదు. మరుగుదొడ్డి లేకపోతే వ్యాగ్ బ్యాగులు (మలాన్ని మూసి పెట్టే సంచులు) తెచ్చుకుని, వాడినవి మోసుకెళ్ళాలి. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, కాన్యన్ లోపలికి నూలు బట్టలు వద్దు. నల్లగా పొలుసులు కట్టినట్టున్న నేల మీద అడుగు వేయకండి. అది ప్రాణమున్న పొర, తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. సాయంత్రం అందరూ తలా ఒకటి తెచ్చి పంచుకుంటారు. ఐస్ పెట్టె అవసరం లేకుండా మర్నాటికీ నిలిచేది పులిహోరే. మిరపకాయలు కాస్త తగ్గించండి.

ప్రశ్న: ఇవన్నీ అమెరికాలోనేనా? హైదరాబాద్ నుంచి మాకేం దారి? (హైదరాబాద్ పాఠకుడు)

తాడు పని ఎక్కడైనా ఒకటే. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చింది భువనగిరి బండ మీద. అక్కడ దిగడం, ప్రూసిక్‌తో ఎక్కడం, ముడులు నేర్చుకోవచ్చు. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ బేసిక్ కోర్సులో తాడు పని పద్ధతిగా నేర్పుతారు. కాన్యన్‌కు దగ్గరి అనుభవమంటే మహారాష్ట్ర భండార్‌దరా దగ్గరి సాంధన్ లోయ. సామ్రద్ ఊరి నుంచి మొదలై ఇరుకు గోడల మధ్య మడుగులు దాటి, తాడుతో దిగేది. వర్షాకాలంలో అది కాలువే, వెళ్ళకూడదు. చిత్తూరు వైపు నాగలాపురం కొండల్లోని మడుగులకు చాలామంది తాడూ లైఫ్ జాకెట్టూ లేకుండా వెళ్తారు. ఈత రానివాళ్ళు మునిగిపోయేది ఆ లోతు తెలియని మడుగుల్లోనే. గుంపులో ప్రతి ఒక్కరికీ జాకెట్, ఒక 20 మీటర్ల విసిరే తాడు ఉండాలి.

ఒక తేడా గుర్తుంచుకోండి. భువనగిరి బండ గరుకు గ్రానైటు, బూటు పడుతుంది. సహ్యాద్రి బసాల్టు తడిస్తే నాచుతో జారుతుంది. అక్కడి జలపాతం దిగుడుల్లో పైన చెప్పిన తాడు కొస లెక్కే వర్తిస్తుంది: నీటి మట్టం దాకా, ముడి లేకుండా.

ప్రశ్న: శిబిరం నుంచి వచ్చాక తాడు ఇసుకతో గరగరలాడుతోంది. వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా? (ఆస్టిన్ పాఠకుడు)

ఫ్రంట్ లోడింగ్ మెషీన్ అయితే వేయొచ్చు. నడుమ నిలువు కడ్డీ ఉన్నది తాడును మెలిపెట్టేస్తుంది. తాడును గొలుసు అల్లికగా అల్లి, జాలీ సంచిలో పెట్టి, చల్లటి నీళ్ళు, మెత్తని సబ్బు. బ్లీచ్ వద్దు, డ్రయర్ వద్దు. నీడలో ఆరేసి, పూర్తిగా ఆరాక అంగుళం అంగుళం వేళ్ళ మధ్య నడిపించండి. ఎక్కడైనా లోపల మెత్తగా, బోలుగా తగిలినా, తొడుగు చిరిగి తెల్లటి పోగులు కనిపించినా అక్కడ కోసేయండి. 60 మీటర్ల తాడు 45 అయినా చిన్న దిగుడులకు పనికొస్తుంది. కొత్త పొడవును రెండు కొసలా చెరగని మార్కర్‌తో రాసి, సంచి మీదా రాయండి.